అనుమానమే సమాచారం: విమానంలో పొగ, మంటల విషయమై బహిరంగ లేఖ

విమానయాన సంస్థల శిక్షణ విభాగాలకు, పౌర విమానయాన నియంత్రణ సంస్థల భద్రతా అధికారులకు,

నమస్కారం.

విమానంలో ఏదో కాలుతున్న వాసన వస్తే క్యాబిన్ సిబ్బంది ముందుగా ఏం చేస్తారో మీకు తెలుసు. ముక్కు ఎగబీల్చి, పక్కనున్నవాళ్లను "నీకూ వస్తోందా?" అని అడుగుతారు. ఇద్దరూ కలిసి ఓవెన్ చూస్తారు, టాయ్‌లెట్ తలుపు తీసి చూస్తారు, వాసన తగ్గినట్టు అనిపిస్తే మళ్లీ ట్రాలీ దగ్గరికి వెళ్లిపోతారు. కాక్‌పిట్‌కు మాత్రం ఫోన్ వెళ్లదు. ఇందులో వాళ్ల తప్పేమీ లేదు. ముందు నిర్ధారించుకో, ఆ తర్వాత కెప్టెన్‌కు చెప్పు అనే వరస తరగతి గదుల్లో మనం నేర్పించిందే. ఆ వరసను తిరగేయమని అడగడానికే ఈ ఉత్తరం రాస్తున్నాం. వాసన, వేడి, సన్నటి పొగతెర, కారణం తెలియని శబ్దం, వీటిలో ఏది కనబడినా, వినబడినా ఆ అనుమానం అప్పటికప్పుడు కెప్టెన్‌కు చేరాలి. ఒకరు వెతుకుతుండగానే మరొకరు ఫోన్ చేస్తుండాలి.

ఎందుకింత తొందర అంటే చేతిలో ఉన్న సమయం అంత తక్కువ. 1967 నుంచి 1998 వరకు గాలిలో మంటలు చెలరేగిన 15 ఘటనలను కెనడా రవాణా భద్రతా మండలి పరిశీలించింది. మొదటి సూచన అందిన దగ్గర్నుంచి విమానం కూలిపోవడానికో, నేల తాకడానికో పట్టిన సమయం 5 నుంచి 35 నిమిషాల మధ్య ఉంది. 35,000 అడుగుల ఎత్తు నుంచి దిగి రన్‌వే మీద ఆగడానికే, అన్నీ కలిసొచ్చినా, దాదాపు 20 నిమిషాలు కావాలి. "ఇంకో అయిదు నిమిషాలు చూద్దాం" అనుకుంటే ఆ అయిదు నిమిషాలూ ఎక్కడి నుంచి తెస్తామో ఆలోచించండి.

1998 సెప్టెంబరు 2 రాత్రి న్యూయార్క్ నుంచి జెనీవా బయల్దేరిన స్విస్ఎయిర్ 111లో పైలట్లకు ముందు వాసన వచ్చింది. కాసేపటికి అది పోయినట్టే అనిపించింది. కాక్‌పిట్‌లోకి పిలిచిన సిబ్బందికి అక్కడ వాసన తెలిసింది గానీ, క్యాబిన్‌లో అలాంటిదేమీ లేదు. ఎయిర్ కండిషనింగ్ పొగ అనుకున్నారు. నిజానికి కాక్‌పిట్ వెనక, పైకప్పు లోపల తీగల దగ్గర స్పార్కు పుట్టి, లోహపు పూత వేసిన పాలిస్టర్ రకం ఇన్సులేషన్ దుప్పట్లకు అంటుకుంది. మొదటి వాసన నుంచి సముద్రంలో కూలేదాకా గడిచింది సుమారు 21 నిమిషాలు. 229 మంది పోయారు. అన్నీ వదిలేసి నేరుగా దగ్గర్లోని హాలిఫాక్స్ విమానాశ్రయానికి దిగబోయినా చేరగలిగేవారు కాదని విచారణలో తేలింది. కాబట్టి ఆ పైలట్లను వేలెత్తి చూపడానికి ఈ ఉదాహరణ తీసుకోలేదు. అప్పటి పొగ చెక్‌లిస్టు పూర్తి చేయడానికే 20 నుంచి 30 నిమిషాలు పట్టేదంటే, ఆ పద్ధతి రాసినవాళ్లు మంటను ఎంత తీరుబడి గల వస్తువుగా ఊహించారో చూడమని అంటున్నాం.

అదే ప్రమాదంలో ఇంకో సంగతి నియంత్రణ సంస్థలు పదేపదే చదవాలి. తర్వాత అమర్చిన వినోద వ్యవస్థకు కరెంటు ఎలా కలిపారంటే, క్యాబిన్‌కు కరెంటు ఆపే క్యాబిన్ బస్ స్విచ్ ఆపినా దానికి సరఫరా ఆగదు. చెక్‌లిస్టు ప్రకారం ఆ స్విచ్ ఆపగానే క్యాబిన్ గాలిని మళ్లీ తిప్పే రీసర్క్యులేషన్ ఫ్యాన్లు నిలిచిపోయి, పైకప్పు లోపలి గాలి దిశ మారి కాక్‌పిట్ వైపు మళ్లింది. విమానం ఫ్యాక్టరీ దాటాక దానిలో ఏ కొత్త పరికరం పెట్టినా, పొగ చెక్‌లిస్టులోని ఏ స్విచ్‌తో అది ఆగుతుందో అనుమతి పత్రంలోనే రాయించండి. స్విచ్ పేరు రాయలేకపోతే అనుమతి ఇవ్వకండి.

నిప్పు లేనిదే పొగ రాదంటారు. విమానంలో ఆ సామెతకు ఒక తోక తగిలించాలి: పొగ వచ్చిన చోట నిప్పు ఉండాలనేమీ లేదు. క్యాబిన్‌లోకి గాలి పైనుంచి వస్తుంది, కాళ్ల దగ్గర పక్క గోడల జాలీల గుండా కిందికి పోతుంది. ప్యానెళ్ల వెనక ఖాళీల్లో మాత్రం అది ఎటు ఎలా తిరుగుతుందో బయట నిలబడినవాళ్లకు అంతుపట్టదు. ఒక వరసలో కనబడిన పొగకు మూలం నాలుగు వరసల అవతల పైకప్పులో ఉండొచ్చు. అందుకే వెతికేవాళ్లు కళ్లను నమ్ముకోవడం కంటే చేతిని నమ్ముకోవాలి. అరచేతి వెనక భాగాన్ని ప్యానెల్‌కు దగ్గరగా పెట్టి, కింది నుంచి పైకి, ఒక అతుకు నుంచి మరో అతుకు దాకా నెమ్మదిగా జరపాలి. చేతి వెనక చర్మం వేడిని త్వరగా పసిగడుతుంది. కాలినా పట్టుకోవడానికి అవసరమైన అరచేయి దెబ్బతినదు. ప్యానెల్ రంగు మారడం, ప్లాస్టిక్ ఉబ్బడం, ఒకే చోట ఎక్కువ వెచ్చగా ఉండటం, సంబంధం లేని పరికరాలు ఒకదాని తర్వాత ఒకటి ఆగిపోవడం, సర్క్యూట్ బ్రేకర్లు (ఎక్కువ కరెంటు పారితే సరఫరా ఆపే బటన్లు) వాటంతటవే బయటికి రావడం, ఇవన్నీ లోపలి మంట పంపే కబుర్లే.

వాసనల విషయంలో కూడా శిక్షణ మొక్కుబడిగా ఉంటోంది. తీగ కాలితే ఘాటుగా, గొంతు పట్టేసేలా ఉంటుంది. ఇంజిన్ ఆయిల్ గాలిలో కలిస్తే మురికి మేజోళ్ల కంపు. వేడి, తేమ ఉన్నచోట ఏసీ నుంచి వచ్చే తెల్లటి ఆవిరి చల్లగా ఉంటుంది, వాసన ఉండదు, కాసేపటికి మాయమవుతుంది. ఈ తేడాలు పుస్తకంలో చదివి ఎవరికీ గుర్తుండవు. చిన్న సీసాల్లో నమూనాలు పెట్టి వాసన చూపించండి. ఖర్చు ఏమంత ఉండదు.

మంట మీదికి వెళ్లే పద్ధతి గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి. ముగ్గురి పాత్రలు అందరికీ తెలిసినవే. మొదట చూసినవాళ్లు ఆర్పేవాళ్లు: దగ్గర్లోని ఆర్పే సిలిండర్, పొగ హుడ్ (తల మొత్తం కప్పి లోపల ఆక్సిజన్ ఇచ్చే ముసుగు) అందుకుని మంట దగ్గరికి వెళతారు. రెండోవాళ్లు ఇంటర్‌ఫోన్ దగ్గరే ఉండి కెప్టెన్‌తో మాట్లాడతారు. మూడోవాళ్లు అదనపు సిలిండర్లు, నీళ్లు, హుడ్లు తెస్తారు, ప్రయాణికులను అక్కణ్నుంచి జరుపుతారు. ఎక్కడ చెడుతుందంటే, ఫోన్ దగ్గర ఉండాల్సిన మనిషి కూడా మంట చూడ్డానికి పరుగెత్తినప్పుడు. అప్పుడు ముగ్గురూ మంట దగ్గరే ఉంటారు, కెప్టెన్ ఒంటరిగా ఊహల్లో ఉంటాడు. ఒక సిలిండర్ ఖాళీ అవుతుండగానే రెండోది చేతికి అందాలి. 61 నుంచి 200 సీట్లున్న విమానంలో ఉండాల్సిన చేతి సిలిండర్లు కనీసం మూడే. ఆ మూడూ ఎక్కడెక్కడ ఉన్నాయో కళ్లు మూసుకుని చెప్పగలగాలి, ఎందుకంటే పొగలో వెతకాల్సి వచ్చేది ఇంచుమించు అలాగే.

మంటను ఆర్పే రసాయనం హాలాన్ 1211 నింపిన సిలిండర్‌ను నిటారుగా పట్టుకోవాలి. పడుకోబెడితే లోపలి గొట్టానికి ద్రవం అందక ఒత్తిడి మాత్రమే బయటికి పోతుంది. రెండు, మూడు మీటర్ల దూరం నుంచి మొదలుపెట్టి మంట అడుగు భాగాన్ని అటూ ఇటూ ఊడ్చినట్టు కొట్టాలి. మరీ దగ్గరికి వెళితే ఆ వేగానికే కాలుతున్న కాగితాలు, నూనె చిమ్ముతాయి. అంతా కలిపి దక్కేది పది సెకన్లకు అటూ ఇటూగా ఉండే వర్షం. ఆ పది సెకన్లూ పొగ మీద కొట్టి వృథా చేయడం అన్నింటికంటే తరచుగా కనబడే పొరపాటు. హాలాన్ మంటను ఆర్పుతుంది కానీ చల్లార్చదు. దిండు, దుప్పటి, కాగితం లాంటివి కాలితే జ్వాల ఆరాక నీళ్లతో నానబెట్టకపోతే లోపలి నిప్పు మళ్లీ రాజుకుంటుంది. కరెంటు ఉన్నచోట మాత్రం సరఫరా ఆపేదాకా నీళ్లు వద్దు.

హుడ్ సంగతి దగ్గరగా చూద్దాం. వాక్యూమ్ సంచి చించగానే బయటికి తీసి, మెడ దగ్గరి రబ్బరు అంచును రెండు చేతులతో సాగదీసి, తల వంచి గడ్డం ముందుగా దూర్చాలి. సరిగ్గా ఇక్కడే ఇద్దరిలో ఒకరి ముడివేసిన జుట్టో, చొక్కా కాలరో, మెడలో రుమాలో ఆ అంచు కింద ఇరుక్కుంటుంది. చిన్న సందు చాలు, పొగ లోపలికి చేరుతుంది. ముఖానికి తగిలే భాగాన్ని పట్టీలు లాగి బిగించాలి. చాలా రకాల్లో ఆ లాగడంతోనే ఆక్సిజన్ మొదలవుతుంది. వేసుకున్నాక సుమారు 15 నిమిషాలు పనిచేస్తుంది. లోపల శ్వాస హోరు చెవుల నిండా ఉంటుంది, మాట బయటికి బొంగురుగా వస్తుంది. కాబట్టి ఇంటర్‌ఫోన్‌ను హుడ్‌కు గట్టిగా ఆనించి, మాటకూ మాటకూ మధ్య ఆగి చెప్పాలి. హుడ్ ముఖం మీదికి ముడుచుకుపోవడం మొదలైతే దాని పని అయిపోయినట్టే. మంటకు దూరంగా వచ్చాకే తీయాలి, తీశాక జుట్టు దులుపుకోవాలి, అందులో ఆక్సిజన్ చిక్కుకుని ఉంటుంది. ఇంత ఉందా, కానీ చాలాచోట్ల శిక్షణలో ఇచ్చేది సంచిలోంచి ఎప్పుడో తీసేసి, వందమంది వేసుకుని వదులైపోయిన హుడ్. సంచి చించడం, బిగుతుగా ఉన్న అంచు సాగదీయడం జీవితంలో మొదటిసారి మంట ముందే చేయాల్సి వస్తోంది. మూసిన సంచితో, కొత్త రబ్బరుతో, వేడి లేని కృత్రిమ పొగ నిండిన గదిలో ప్రతి పునశ్చరణ శిక్షణలోనూ చేయించాలని మా అభ్యర్థన.

టాయ్‌లెట్ మంటలకు పాత చరిత్ర ఉంది. 1973 జులై 11న పారిస్ శివారులో బ్రెజిల్ సంస్థ వరిగ్ విమానం 820, వెనక టాయ్‌లెట్‌లో మొదలైన మంట పొగతో నిండి పొలంలో దిగింది. 123 మంది చనిపోయారు. చెత్తబుట్టకు సొంతంగా వేడికి తెరుచుకునే చిన్న ఆర్పే సీసా, పొగ పసిగట్టే పరికరం ఆ తర్వాతి కాలంలో తప్పనిసరి అయ్యాయి. ఆ సీసా పనిచేయాలంటే బుట్ట మూత స్ప్రింగుతో గట్టిగా మూసుకోవాలి. కాగితాలు కుక్కడంతో మూత తెరిచే ఉంటే, విడుదలైన వాయువు బయటికి పోతుంది, మంటకు గాలి అందుతుంది. మూత తనంతట తను మూసుకుంటోందా అన్నది ప్రతిసారీ చేత్తో తోసి చూడాల్సిన విషయం. టిక్కు పెట్టి వదిలేసేది కాదు. అలారం మోగితే తలుపును చేతి వెనక భాగంతో కింది నుంచి పైకి తడిమి చూడాలి. వేడిగా ఉంటే బార్లా తెరవకూడదు. నాజిల్ పట్టేంత సందు మాత్రమే తీసి, సిలిండర్ మొత్తం కొట్టి, వెంటనే మూసేయాలి. గ్యాలీ (విమానం వంటగది) ఓవెన్‌కూ ఇదే సూత్రం: తలుపు తీయకుండా కరెంటు ఆపండి, ఊపిరాడక మంట దానంతటదే తగ్గుతుంది. లోపల ఏం మాడిందో చూడాలన్న కుతూహలంతో తలుపు తీసినప్పుడే చిన్న మంట పెద్దదవుతుంది.

1983 జూన్ 2న ఎయిర్ కెనడా 797 విమానంలో జరిగింది ఈ ఉత్తరానికి అసలు గుండెకాయ. వెనక టాయ్‌లెట్ ఫ్లష్ మోటారు సర్క్యూట్ బ్రేకర్లు బయటికి వచ్చాయి. కొన్ని నిమిషాల తర్వాత వాటిని మళ్లీ నొక్కి చూశారు. ఆ తర్వాత పొగ కనబడింది. గోడల అతుకుల్లోంచి నల్లటి పొగ వస్తుండగా టాయ్‌లెట్ లోపలికి సిలిండర్ కొట్టారు. కానీ మంట గోడ వెనక ఉంది. మధ్యలో పొగ తగ్గుతోందన్న మాట కెప్టెన్‌కు చేరింది. సిన్సినాటి విమానాశ్రయంలో దిగి, తలుపులు తీసిన ఒకటి, ఒకటిన్నర నిమిషాల్లోనే లోపలికి చేరిన గాలితో క్యాబిన్ అంతా ఒక్కసారిగా భగ్గుమంది. 46 మందిలో 23 మంది బయటపడలేకపోయారు. మంట తీవ్రతను తక్కువగా అంచనా వేయడం, దాని పురోగతిపై కెప్టెన్‌కు పొంతన లేని సమాచారం అందడం అని అమెరికా జాతీయ రవాణా భద్రతా మండలి కారణాల్లో రాసింది.

అందుకే ఫోన్‌లో వాడే మాటలను కూడా నిర్దేశించమంటున్నాం. "పొగ తగ్గింది" అనేది నిషేధించాల్సిన వాక్యం. తగ్గింది పొగా, మంటా? ఫ్యాన్ ఆపడం వల్ల తగ్గిందా, దారి మార్చుకుని ఇంకెక్కడికో పోతోందా? ఇంటర్‌ఫోన్‌లో చెప్పాల్సింది ఇలా ఉండాలి: "వెనక ఎడమ టాయ్‌లెట్. గోడ అతుకుల్లోంచి నల్లటి పొగ. మంట కనబడటం లేదు. గోడ వేడిగా ఉంది. ఒక సిలిండర్ వాడాం, రెండోది చేతిలో ఉంది. ప్రయాణికులను ఆరు వరసలు ముందుకు జరిపాం." ఎక్కడ, ఏ రంగు, ఏ వాసన, ఎంత వేడి, ఏం వాడాం, ఇంకా ఎంత మిగిలింది. ఇందులో ఒక్క అభిప్రాయం కూడా లేదు. "చిన్నదే", "అదుపులోనే ఉంది" లాంటి తీర్పులు మూలం కంటితో చూసి, దాన్ని తడిపి, చేత్తో తాకి చల్లగా ఉందని తేల్చుకున్నాకే నోటి నుంచి రావాలి. రెండు నిమిషాలకోసారి, మార్పు ఏమీ లేకపోయినా, మళ్లీ చెప్పాలి. అటునుంచి కబురు లేకపోతే కెప్టెన్ దాన్ని మంచి కబురుగా అనుకునే ప్రమాదం ఉంది.

ప్యానెల్ వెనక మంట ఉందని తెలిసినప్పుడు సిబ్బంది వెనకాడటానికి ప్రధాన కారణం భయం కంటే అనుమతి లేకపోవడం. లక్షల ఖరీదు చేసే గోడను పగలగొట్టి, లోపల ఏమీ లేకపోతే? కాక్‌పిట్‌లో ఉండే గొడ్డలి అలంకారానికి పెట్టలేదు. దాన్ని అతుకులో దూర్చి ప్యానెల్‌ను పెళ్లగించాలి. ఊపి నరకకూడదు, వెనక తీగల కట్టలు, హైడ్రాలిక్ గొట్టాలు ఉంటాయి. పెళ్లగించడం కుదరకపోతే నాజిల్ పట్టేంత రంధ్రం చేసి హాలాన్ లోపలికి కొట్టాలి. ఎక్కడ రంధ్రం చేస్తే ప్రమాదం ఉండదో తయారీదారుకు తెలుసు. ఆ చోట్లను లోపలి ప్యానెళ్ల మీద చిన్న గుర్తుగా ముద్రించమని నియంత్రణ సంస్థలు ఎందుకు అడగవో మాకు అర్థం కాదు.

ఇక లిథియం బ్యాటరీలు. క్యాబిన్‌లో ఎక్కువగా ఎదురవుతున్న మంట ఇప్పుడిదే, తీరూ వేరే. ఒక సెల్ లోపల షార్ట్ అయితే అది తన వేడితో తనే ఇంకా వేడెక్కుతుంది, పక్క సెల్‌ను అంటిస్తుంది. బయటి ఆక్సిజన్‌తో దానికి పెద్దగా పని లేదు. హాలాన్ కొడితే జ్వాల ఆరుతుంది, పక్కనున్న సామానుకు అంటుకోకుండా ఆగుతుంది, కానీ సెల్ లోపలి వేడి అలాగే ఉంటుంది. కాబట్టి జ్వాల ఉంటే ముందు హాలాన్, వెంటనే నీళ్లు లేదా మద్యం లేని ఏ ద్రవమైనా, ఆగకుండా. ఒక గ్లాసు పోసి ఆవిరి చూసి ఆగిపోవడం పొరపాటు. రెండో సెల్, మూడో సెల్ నిమిషాల తేడాతో పేలుతూనే ఉంటాయి, పరికరం మొత్తం చల్లబడేదాకా సీసా మీద సీసా పోయాల్సిందే. ఐస్ వేయకూడదు, దుప్పటి కప్పకూడదు. రెండూ వేడిని లోపలే బంధిస్తాయి. చేత్తో పట్టుకుని టాయ్‌లెట్‌కు పరుగెత్తకూడదు, దారిలో తర్వాతి సెల్ పేలితే చేతిలోనే పేలుతుంది. 10 నుంచి 15 నిమిషాలు అక్కడే ఉంచి, చల్లబడ్డాక నీళ్లు నింపిన పాత్రలో పూర్తిగా ముంచి, ప్రయాణం ముగిసేదాకా ఎవరో ఒకరు దాన్ని కనిపెట్టుకుని ఉండాలి. మంటలు పట్టని సంచుల మీద కొన్ని సంస్థలు చాలా నమ్మకం పెట్టుకున్నాయి. కాలుతున్న పరికరాన్ని ఎత్తి అందులో వేయడానికి ప్రయత్నించడమే పెద్ద ప్రమాదం. ఆ సంచి చల్లబడ్డాక దాచడానికి పనికొస్తుంది, అంతవరకే.

ఫోన్ సీటు సందులో పడిపోతే సీటును వెనక్కీ ముందుకూ జరపొద్దన్న ప్రకటన వినీ వినీ ప్రయాణికులకు అలవాటై ఉంటుంది. కారణం చెబితే ఇంకా బాగా పాటిస్తారు: సీటు యంత్రం ఫోన్‌ను నలిపితే బ్యాటరీ లోపలి పొరలు చిరిగి, అప్పటికప్పుడే షార్ట్ అవుతుంది.

2025 జనవరి 28న గిమ్‌హే విమానాశ్రయంలో ఎయిర్ బుసాన్ విమానం బయల్దేరకముందే తల పైనున్న సామాను అరలో మంటలు లేచాయి. 176 మందీ దిగిపోయారు, విమానం పైకప్పు కాలిపోయింది. ఆ తర్వాత దక్షిణ కొరియా పవర్ బ్యాంకులను పై అరలో పెట్టడాన్ని నిషేధించింది. మిగతా దేశాలూ దీన్ని తీసుకోవాలి. పవర్ బ్యాంకు సీటు జేబులోనో చేతి సంచిలోనో ఉంటే, వేడెక్కగానే ఎవరో ఒకరికి తెలుస్తుంది. పై అరలో, మూసిన సూట్‌కేసులో ఉంటే పొగ సందుల్లోంచి కారేదాకా ఎవరికీ తెలియదు. అప్పటికీ అర తలుపు పూర్తిగా తీయకూడదు, నాజిల్ సందు మాత్రమే. సరుకు గదిలోకి పోయే సామానులో విడి బ్యాటరీలు ఎందుకు కూడదో కూడా ప్రయాణికులకు ఈ మాటల్లోనే చెప్పొచ్చు: అక్కడ హాలాన్ ఉంటుంది గానీ నీళ్లు పోసే మనిషి ఉండడు. మామూలు పరిమితి 100 వాట్ అవర్లు. పవర్ బ్యాంకు మీద మిల్లీయాంపియర్ అవర్ల (mAh) అంకె మాత్రమే ఉంటే దాన్ని 3.7తో గుణించి వెయ్యితో భాగించాలి. 20,000 అంటే 74 వాట్ అవర్లు, 27,000 అంటే దాదాపు వంద. చెక్-ఇన్ కౌంటర్ దగ్గర ఈ లెక్క రాసి పెడితే వాదనలు సగం తగ్గుతాయి.

కాక్‌పిట్ వైపు మాకున్నవి కొద్ది మాటలే. పొగ అనుమానం రాగానే మాస్కులు, వంద శాతం ఆక్సిజన్, కళ్లద్దాలు, ఇద్దరి మధ్య మాట వినబడుతోందో లేదో చూసుకోవడం, ఆ వెంటనే దగ్గరి విమానాశ్రయం వైపు మళ్లడం. మూలం వెతికే చెక్‌లిస్టు మళ్లాక, దిగుతూ చేయాలి. మూలం దొరికి, ఆరిపోయిందని చూపుతో రుజువైతే డైవర్షన్ మానుకోవడం సులభం. ఆలస్యంగా మళ్లిన విమానానికి పోగొట్టుకున్న దూరం తిరిగి రాదు. బయటికి వచ్చిన బ్రేకర్‌ను గాల్లో మళ్లీ నొక్కడం, భద్రతకు అది తప్పనిసరైతే తప్ప, వద్దే వద్దు. పొగ బయటికి పంపే ప్రక్రియ మంట ఆరాక, లేదా మంటకంటే పొగే పెద్ద గండం అయినప్పుడు. ముందే గాలి పెంచితే కొలిమికి తిత్తి ఊదినట్టే.

ప్రయాణికులు ఎప్పుడూ అడిగే ప్రశ్న: పొగ వస్తే పైనుంచి ఆక్సిజన్ మాస్కులు ఎందుకు దించరు? అవి ఎత్తులో గాలి పీడనం పడిపోయినప్పటి కోసం తయారైనవి. ఆ చిన్న పసుపు కప్పు క్యాబిన్ గాలిని కూడా కలిపి పీల్చనిస్తుంది, అంటే పొగ కూడా లోపలికే వస్తుంది. పైగా మంట ఉన్నచోట ఆక్సిజన్ వదలడం నిప్పుకు నెయ్యి పోయడమే. చేయాల్సింది తల సీటు వీపు కంటే కిందికి వంచి, తడి గుడ్డ ముక్కుకు అడ్డుపెట్టుకుని, నేల దగ్గరి గాలి పీల్చడం. ఈ రెండు వాక్యాలు భద్రతా కార్డు మీద ఒక బొమ్మగా వేయడానికి అభ్యంతరం ఏమిటి?

దిగాక కూడా పని అయిపోదు. 1980 ఆగస్టు 19న సౌదీ సంస్థ సౌదియా విమానం 163, వెనక సరుకు గదిలో పొగ హెచ్చరిక వచ్చాక అది నిజమో కాదో తేల్చుకోవడానికి నాలుగు నిమిషాలకు పైగా పట్టి, వెనక్కి వచ్చి రియాద్‌లో సురక్షితంగా దిగింది. రన్‌వే మీదే ఆగి తక్షణం ఖాళీ చేయించలేదు. ట్యాక్సీ చేశాక ఆగింది, ఆ తర్వాతా ఇంజిన్లు తిరుగుతూనే ఉన్నాయి. 301 మందిలో ఒక్కరూ బతకలేదు. 1985 ఆగస్టు 22న మాంచెస్టర్‌లో ఎడమ ఇంజిన్ కాలుతున్న విమానం రన్‌వే పక్కకు తిరిగి ఆగేసరికి గాలి ఆ మంటను విమానం ఒంటి మీదికే తోసింది. 55 మంది పోయారు, ఎక్కువ మంది పొగ వల్లే. ఆగే ముందు గాలి ఎటు ఉందో చూసుకోవడం ల్యాండింగ్ బ్రీఫింగ్‌లో ఒక వాక్యంగా ఉండాలి. 2024 జనవరి 2న టోక్యోలోని హనేడా విమానాశ్రయంలో జపాన్ ఎయిర్‌లైన్స్ విమానం, కోస్ట్‌గార్డ్ విమానం ఢీకొన్న ఘటనలో కోస్ట్‌గార్డ్ విమానంలోని అయిదుగురు మరణించారు. జపాన్ ఎయిర్‌లైన్స్ విమానంలో ప్రకటనల వ్యవస్థ పనిచేయకపోయినా సిబ్బంది మెగాఫోన్లు, గొంతు వాడి, ఎనిమిది తలుపుల్లో మూడింటి నుంచే 379 మందినీ దించారు. ఏ తలుపు బయట మంట ఉందో కిటికీలోంచి చూసి తలుపు మూసే ఉంచిన నిర్ణయం కూడా ఆ లెక్కలోదే.

చివరిగా ఒక అభ్యర్థన, దానికి ఒక్క రూపాయి ఖర్చు లేదు. అనుమానంతో మళ్లి, దిగాక ఏమీ దొరకని విమానాల నివేదికలు ఇప్పుడు చాలా సంస్థల్లో కెప్టెన్ దగ్గర వివరణ అడగడంతో మొదలవుతున్నాయి. ఇంధనం ఎంత పోయింది, ఎంతమందికి కనెక్షన్ తప్పింది, వాసన ఎవరెవరికి వచ్చింది అని ఆరా తీస్తారు. ఆ ఫారంలో మొదటి ప్రశ్న మార్చండి. "మళ్లడం ఎందుకు అవసరమైంది?" అన్నచోట "మొదటి సూచన ఏ నిమిషంలో అందింది, కెప్టెన్‌కు ఏ నిమిషంలో చేరింది, విమానం ఏ నిమిషంలో మళ్లింది?" అని అడగండి. మూడు గడులు, మూడు సమయాలు. వాటి మధ్య తేడా సెకన్లలో ఉంటే, గోడ వెనక ఏమీ దొరకకపోయినా, ఆ సిబ్బందికి ఫైలు మూసేసి పంపండి. తేడా నిమిషాల్లో ఉంటే అప్పుడు పిలిపించి మాట్లాడండి, గోడ వెనక మంట దొరికినా సరే.

ఇట్లు,
క్యాబిన్, కాక్‌పిట్ సిబ్బందికి అగ్నిప్రమాద శిక్షణ ఇచ్చేవాళ్లం